ఇంటర్ మ్యాథ్స్ చేత్తో చేసి వచ్చిన పిల్లలకు, గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ గురించి

సందేహం: అక్కా, మాది హన్మకొండ. ఇంటర్ ఎంపీసీ అయినంక ఇక్కడ అమెరికాల డిగ్రీలో చేరిన. ప్రీకాల్‌క్యులస్ (కాల్‌క్యులస్‌కు ముందు చెప్పే లెక్కల కోర్సు) సిలబస్‌లో టీఐ-84 అనే గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ తప్పనిసరి అని రాసిండ్రు. నేను దాన్ని ఎన్నడూ ముట్టలేదు. కొనాల్నా? చేత్తో చేస్తే మార్కులు వెయ్యరా?

జవాబు: తమ్ముడూ, క్యాలిక్యులేటర్ పట్టుకుంటే లెక్కలు రానోడని అనుకుంటరేమోనన్న జంకు మన వరంగల్, కరీంనగర్ పిల్లలకు బాగా ఉంటది. ఎందుకుండదు? ఇంటర్ బోర్డు పరీక్షలో అది లేదు, ఎంసెట్‌లో (ఇప్పటి ఈఏపీసెట్) లేదు, జేఈఈలో లేదు. 1ఏ నుంచి 2బీ దాకా అన్ని పేపర్లూ చేత్తోనే దాటినం. ఇంజనీరింగ్‌ల చేరినోళ్లు కాసియో ఎఫ్‌ఎక్స్-991 కొంటరు గానీ అది గ్రాఫ్ గియ్యదు.

ఇక్కడ సంగతి వేరే. 1985లో కాసియో మొదటి గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ తెచ్చింది, 1990లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీఐ-81 తెచ్చింది. ఆ తర్వాత ఇక్కడి పాఠ్యపుస్తకాలే దాన్ని దృష్టిల పెట్టుకొని రాసుడు మొదలైంది. కాబట్టి పరీక్షల అడిగే ప్రశ్నే మారింది. ఉదాహరణకు, ఈ టు ద పవర్ ఎక్స్ అనేది 3ఎక్స్‌కు సమానమైతే ఎక్స్ విలువలు మూడు డెసిమల్స్ వరకు చెప్పుమంటరు. మన ఇంటర్ పద్ధతులు వేటితోనూ ఇది విడదు. క్యాలిక్యులేటర్‌ల వై ఈక్వల్స్ కీ నొక్కి, వై1 అనే వరుసల సమీకరణం ఒక వైపు, వై2లో ఇంకో వైపు రాసి, గ్రాఫ్ గీసి, సెకండ్ కీ నొక్కి ట్రేస్ నొక్కితే కాల్క్ మెనూ వస్తది. అందులో 5వది ఇంటర్‌సెక్ట్. ఫస్ట్ కర్వ్? సెకండ్ కర్వ్? గెస్? అని మూడుసార్లు అడుగుతది, ఎంటర్ కొట్టాలె. 0.619 వస్తది. అంతటితో ఆగొద్దు. ఈ రెండు గీతలు రెండు చోట్ల కలుస్తయి. బాణం కీతో కర్సర్‌ను రెండో చోటికి జరిపి మళ్లీ అదే పని చేస్తే 1.512 వస్తది. ఒక్క జవాబు రాసి వస్తే సగం మార్కులు పోయినట్టే.

నీకు చెప్పదలచుకున్న అసలు మాట ఇదే: యంత్రం నువ్వు అడిగినంతే చూపిస్తది. ఇంకా ఏమన్న ఉందా అని అనుమానపడేటోడివి నువ్వే. ఆ అనుమానం ఇంటర్‌ల చేత్తో చేసినోళ్లకే వస్తది. కాబట్టి నీ చేతి లెక్క వృథా అయితలేదు, దానికి ఇంకో పని పడింది.

విండో, అంటే తెర మీద గ్రాఫ్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కనబడాల్నో ఆ హద్దులు, వాటి సంగతి చూడు, కొత్తోళ్లు ఎక్కువ దెబ్బ తినేది ఇక్కడే. వై1లో ఎక్స్ స్క్వేర్ మైనస్ 30ఎక్స్ ప్లస్ 200 రాయి. జూమ్ నొక్కి 6 నొక్కు, అది స్టాండర్డ్ విండో, రెండు అక్షాలూ మైనస్ 10 నుంచి 10 దాకా. తెర మీద పారాబోలా ఉండదు. కుడి అంచుల నిట్టనిలువుగ ఒక చిన్న గీత మాత్రం కనబడతది. వేయిస్తంభాల గుడిని తాళపు సందులోంచి చూసి ఒకటే స్తంభం ఉందన్నట్టు ఉంటది ఆ బొమ్మను నమ్మితే. మనమైతే నోటితోనే ఫ్యాక్టర్లు చెప్తం: ఎక్స్ మైనస్ 10, ఎక్స్ మైనస్ 20. రూట్లు 10, 20. మధ్యల 15 దగ్గర కనిష్ఠం మైనస్ 25. ఇగ విండో కీ నొక్కి ఎక్స్‌మిన్ 0, ఎక్స్‌మ్యాక్స్ 30, వైమిన్ మైనస్ 50, వైమ్యాక్స్ 250 పెట్టు. గ్రాఫ్ నిండుగ కనబడతది. ఏ ఫంక్షన్ ఇచ్చినా ముందుగాల కాగితం మీద రూట్లు ఎక్కడుండొచ్చు, ఎక్స్ సున్నా అయితే వై ఎంత అని చూసుకొని విండో పెట్టుకో. ఈ పని అలవాటయితే సగం కోర్సు వచ్చినట్టే అని నా నమ్మకం.

తర్వాత మైనస్ కీలు. దీంట్ల రెండుంటయి. కుడి వైపు వరుసల ఉన్నది తీసివేతకు. కింద ఎంటర్ పక్కన బ్రాకెట్ల ఉన్నది రుణ సంఖ్యకు. వై ఈక్వల్స్ తెరల తప్పుడుది నొక్కితే సింటాక్స్ ఎర్రర్ చూపిస్తది, అది మేలే. హోమ్ తెర మీద చూపించదు. ముందు లెక్క జవాబు 12 వచ్చిందనుకో, ఇప్పుడు మైనస్ 5 ప్లస్ 8 చెయ్యాలని తీసివేత కీతో మొదలుపెడితే, అది పాత జవాబు నుంచి 5 తీసేసి, 8 కలిపి 15 అంటది. రావాల్సింది 3. గట్టిగ చూస్తే వరుస మొదట్ల ఆన్స్, అంటే పాత జవాబు, అని కనబడతది. మైనస్ 3 స్క్వేర్‌ను బ్రాకెట్ లేకుండ కొడితే మైనస్ 9 ఇస్తది. ఎక్స్ స్థానంల రుణ సంఖ్య పెట్టినప్పుడల్లా బ్రాకెట్ పెట్టు.

మోడ్ కీ నొక్కి రేడియన్‌ల ఉందా, డిగ్రీల ఉందా పరీక్ష మొదట్లనే చూడాలె. రేడియన్‌ల ఉండగ సైన్ 30 కొడితే మైనస్ 0.988 వస్తది. మనకు అర అని కంఠతా వచ్చు కాబట్టి పట్టేస్తం. సైన్ 37 అయితే ఎవలు పడతరు? కాల్‌క్యులస్‌ల మాత్రం రేడియన్‌లనే ఉంచు.

స్టాటిస్టిక్స్ కోర్సు తీసుకునేటోళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. కాకతీయ యూనివర్సిటీ కింద డిగ్రీ చేసి, పెళ్లయి వచ్చి, ఇక్కడ కమ్యూనిటీ కాలేజీల మళ్లీ చదివే చెల్లెండ్లు జెడ్ టేబుల్ (నార్మల్ డిస్ట్రిబ్యూషన్ విలువల పట్టిక) కోసం వెతుకుతుంటరు. సెకండ్, వార్స్ నొక్కితే ఆ టేబుల్ పని చేసే నార్మల్‌సీడీఎఫ్ ఉంటది. సగటు 65, స్టాండర్డ్ డీవియేషన్ 5 అయితే 60 నుంచి 75 మధ్య ఎంత భాగమో అడిగితే 0.8186 అని చెప్తది. స్టాట్ ప్లాట్ (డేటాతో గీసే బొమ్మ) గీసినంక ఆఫ్ చెయ్యి, లేకుంటే తర్వాతి గ్రాఫ్ దగ్గర డైమెన్షన్ ఎర్రర్ రావొచ్చు.

కొనుడు గురించి: కొత్త టీఐ-84 ప్లస్ సీఈ వంద డాలర్లు దాటుతది. కొనకముందు కాలేజీ లైబ్రరీల అడుగు, చాలాచోట్ల అద్దెకో ఉట్టిగనో ఇస్తరు. సీనియర్ల దగ్గర పాతది దొరికినా చాలు. టీఐ-89, ఎన్‌స్పైర్ సీఏఎస్ మాత్రం అడగకుండ కొనకు. అవి డెరివేటివ్‌ను ఫార్ములా రూపంలనే ఇస్తయి కాబట్టి చాలామంది ప్రొఫెసర్లు పరీక్షకు రానియ్యరు. ఫోన్ క్యాలిక్యులేటర్ కూడా నడవదు, పక్కోళ్లది అడిగి తీసుకునుడు అసలే వద్దు. ఇంకా ఊర్లనే ఉన్నోళ్లు విమానం ఎక్కకముందే ఫోన్‌ల ఉచితంగ దొరికే డెస్మోస్ అనే గ్రాఫ్ యాప్‌తోని విండో మార్చుడు అలవాటు చేసుకోండి.

ఒక విషయంల మాత్రం జాగ్రత్త బిడ్డా. దీంట్ల ప్రోగ్రాం పేరుతో ఫార్ములాలు దాచుకోవచ్చని ఎవరన్నా నేర్పిస్తరు. ప్రొఫెసర్ ఒప్పుకోకుండ చేస్తే అది కాపీ కిందికే వస్తది. ఇక్కడ దాన్ని చిన్న తప్పుగ చూడరు. సస్పెండ్ చేస్తే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నోళ్లకు వీసా స్టేటస్ మీదికే వస్తది. కొన్ని క్లాసులల్ల పరీక్షకు ముందు మెమరీ కూడా రీసెట్ చేయిస్తరు.

మార్కుల సంగతి అడిగినవ్ కదా. చేత్తో చేస్తే వేస్తరు, చెయ్యగలిగినకాడికి. క్యాలిక్యులేటర్‌తో చేసినప్పుడు కూడా ఉట్టి జవాబు రాస్తే చాలదు. ఏ సమీకరణాలు గీసినవ్, ఏ విండోల, ఏ బిందువు దగ్గర కలిసినయి, బొమ్మ గీసి పక్కన రాయాలె. రెండో వారం లోపలనే ఆఫీస్ అవర్స్‌కు, అంటే ప్రొఫెసర్ పిల్లలను కలిసే టైమ్‌కు, పో. మా దగ్గర ఇది వాడనియ్యరు సార్, నాకు కొత్త అని సూటిగ చెప్పు. దగ్గర కూచోబెట్టుకొని చూపిస్తరు. పోయేటప్పుడు క్యాలిక్యులేటర్, సిలబస్ కాగితం, నీకు జవాబు కలవని రెండు లెక్కలు పట్టుకపో.