తారు తగలగానే లీవర్ మార్చు

బాబూ,

నువ్వు నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ పికప్ కొంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మందస తోటల నుంచి పలాసకి జీడిపిక్కలు సొంత బండిలో తోలతావంటే చాలా సంతోషమేసింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

కాగితాలు, బీమా నువ్వు చూసుకోగలవు. డీజిల్ సంగతి విను. ఫోర్ బై ఫోర్‌లో ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె), ముందు డిఫరెన్షియల్ (మలుపులో చక్రాలని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు), ఇంకో షాఫ్టు అదనంగా ఉంటాయి. లీవర్ టూ హైలో, అంటే రెండు చక్రాలే లాగేలా, ఉన్నా ఆ బరువు మోయాల్సిందే. అందుకే అదే ఇంజన్ ఉన్న మామూలు బండికన్నా మైలేజీ కొంత తగ్గుతుంది. దానికి మందు లేదు. మీ నాన్న చేసిన పని మాత్రం నువ్వు చెయ్యకు.

ఉద్దానం ఇసకలో దిగబడ్డ జీపుని వాడు ఫోర్ హై వేసి, అంటే నాలుగు చక్రాలూ లాగేలా చేసి, పైకి తెచ్చాడు. ఆ ధీమాతో లీవర్ మార్చకుండానే హైవే ఎక్కి శ్రీకాకుళం బయల్దేరాడు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరగాలి. ఆ తేడా సర్దడానికి ఆ జీపులో మధ్య డిఫరెన్షియల్ లేదు. ఇసకలో చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, ఎండిన తారు మీద జారదు. షాఫ్టులు బిగుసుకుంటాయి, టైర్లు అరుగుతాయి, డీజిల్ ఊరికే పోతుంది. ముల్లు పడిపోతుంటే ట్యాంకు కారుతోందనుకుని, పాపం, నరసన్నపేటలో ఆగి కింద దూరి చూశాడట. చివరికి ట్రాన్స్‌ఫర్ కేసు విప్పించాల్సి వచ్చింది. ఆ నెల నీ బడి ఫీజు నేను కట్టాను. ఈ మాట వాడి దగ్గర ఎత్తకు.

ఆల్ వీల్ డ్రైవ్ బండి కూడా నాలుగు చక్రాలతో లాగేదే, కానీ అది వేరు. దాంట్లో మధ్యన డిఫరెన్షియలో క్లచ్చో ఉంటుంది, తారు మీద కూడా నడపొచ్చు. రెండూ ఒకటేనని ఎవరన్నా నమ్మకు. నీ బండి అది కాదు. మట్టి దారి అయిపోయి తారు తగలగానే టూ హైకి రా. ‘ఫోర్ లో’ అనే నాలుగు చక్రాల తక్కువ గేరు బాగా దిగబడినప్పుడు, నిటారుగా ఎక్కాల్సినప్పుడే. నాలుగు టైర్లూ ఒకే సైజుండాలి, గాలి తగ్గనివ్వకు.

నా అసలు భయం వానది. నాలుగు చక్రాలూ లాగుతున్నాయి కదాని వేగం పెంచకు. ఆ లాగుడు బండిని కదిలించడానికే. ఆపడానికి నీకూ మామూలు బండికీ తేడా లేదు. 2018లో తిత్లీ తుపానుకి చెట్లు కూలిన దారిలో నువ్వు బైకు మీద బయల్దేరావని తెలిసి, నువ్వొచ్చేదాకా నేను గుమ్మం దిగలేదు. మళ్లీ అలా కూర్చోబెట్టకురా నాన్నా.

ఎంత వేగంలో లీవర్ మార్చొచ్చో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, చదివి రా. మిగతాది మన చేను గట్టున నేనే చూపిస్తాను.

పెదనాన్న
టెక్కలి