నెలసరి ఆరోగ్యం బాధ్యత మగవాళ్లకి ఇవ్వొచ్చా? విశాఖలో ఒక టీచర్‌గా నేను చూసింది

నమస్తే అండీ. మధురవాడలో మీ కాలనీ సంఘం చుట్టుపక్కల బడుల్లో ఆడపిల్లలకి నెలసరి ఆరోగ్యం మీద ఒక కార్యక్రమం మొదలుపెడుతోందని రాశారు. దానికి కోఆర్డినేటర్‌గా ఒక కుర్ర సోషల్ వర్కర్‌ని అనుకుంటే సంఘంలో సగం మంది "మగాడికి ఇదేం పని" అంటున్నారని, మిగతావాళ్లు "చదువుకున్నవాడు, ఓపికున్నవాడు, తప్పేముంది" అంటున్నారని చెప్పారు. స్కాట్లాండ్‌లో కూడా ఇలాంటి గొడవే అయిందట, నిజమేనా అని కూడా అడిగారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. కార్యక్రమానికి పెద్ద దిక్కుగా, పిల్లల ఎదురుగా కూర్చుని వాళ్ల మాట వినే మనిషిగా ఆడమనిషే ఉండాలి. ఇందులో నాకు అనుమానం లేదు. అలాగని ఆ అబ్బాయిని వెనక్కి పంపకండి. అతను చేయాల్సిన పని బోలెడు ఉంది. అందులో కొంత మాలాంటి ఆడవాళ్లు ఎంత మొత్తుకున్నా జరగనిది.

స్కాట్లాండ్ సంగతి నిజమే. అవసరమైనవాళ్లందరికీ ప్యాడ్లు, టాంపూన్లు ఉచితంగా అందుబాటులో ఉంచాలని 2020 నవంబరులో అక్కడి పార్లమెంటు బిల్లు ఆమోదించింది. బిల్లు తెచ్చింది మోనికా లెనన్ అనే సభ్యురాలు. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. 2022 ఆగస్టు 15 నుంచి స్థానిక సంస్థలు, విద్యాసంస్థలు వీటిని ఇచ్చి తీరాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే డండీ ప్రాంతంలో కొన్ని కాలేజీలు, కౌన్సిళ్లు కలిసి ఈ పని చూడటానికి ఒక పోస్టు పెట్టి, అందులో మగాయన్ని వేశాయి. టెన్నిస్ క్రీడాకారిణి మార్టినా నవ్రతిలోవాతో సహా చాలామంది మండిపడ్డారు. చివరికి బెదిరింపులు, దూషణలు వస్తున్నాయంటూ సెప్టెంబరు మొదట్లో ఆ పోస్టునే ఎత్తేశారు. ఒక మనిషిని బెదిరించడం ఏ రకంగానూ సమర్థించలేం. కానీ నాకు అంతకన్నా బాధ కలిగించింది పోస్టు పోవడం. ఆ పనిలో ఏ భాగం ఎవరు చేయాలో ముందే కూర్చుని తేల్చుకుని ఉంటే అక్కడిదాకా వచ్చేది కాదని నా అభిప్రాయం. మీరు ఇప్పుడు సరిగ్గా ఆ చోటే ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నేను విశాఖ చుట్టుపక్కల ప్రభుత్వ హైస్కూళ్లలో బయాలజీ చెప్తూ వచ్చాను. 2021 అక్టోబరులో మన రాష్ట్రంలో స్వేచ్ఛ పథకం మొదలైనప్పుడు 7 నుంచి 12వ తరగతి వరకు ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివే ఆడపిల్లలకి నెలకి 10 ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రతి చోటా ఒక మహిళా టీచర్‌నే నోడల్ ఆఫీసర్‌గా పెట్టమన్నారు. మా స్కూల్లో ఆ బాధ్యత నాకు వచ్చింది. మహిళా టీచరే ఎందుకు అన్నది నాకు పుస్తకాల్లో కాదు, తరగతి గదిలో అర్థమైంది.

ఒకసారి బయటినుంచి ఒక సార్ వచ్చి అవగాహన క్లాసు తీసుకున్నారు. మంచి మనిషి. విషయం తెలిసినవాడు, మాట మర్యాదగా ఉంది, చూపించిన బొమ్మలు కూడా బాగున్నాయి. పిల్లలు మాత్రం తల ఎత్తలేదు. చున్నీ అంచు వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. "ఏమైనా డౌట్లు ఉన్నాయామ్మా?" అంటే అందరూ ఒక్క గొంతుతో "లేవు సార్" అన్నారు. ఆయన గేటు దాటారో లేదో నా చుట్టూ మూగారు. "టీచర్, గడ్డలు గడ్డలుగా పడతంది, ఏమైనా అవుద్దా?" "నెలకి రెండుసార్లు బయట చేరతన్నాను టీచర్." "మా అమ్మ గుడ్డే వాడమంటది, ఈ వానల్లో అది ఆరట్లేదు, తడిదే పెట్టుకుంటన్నాను." అరగంట ముందు అదే గదిలో వీళ్లకి ఒక్క డౌటూ లేదు.

అందరూ వెళ్లేదాకా ఆగిన పిల్ల ఒకతి ఉంది. పదో తరగతి. గుమ్మం దగ్గర నిలబడి, "నాకు ఇంకా ఆగలేదు టీచర్" అంది. ఎప్పటినుంచమ్మా అంటే, యూనిట్ టెస్టులకి ముందు మొదలైందట. ఆ టెస్టులు అయిపోయి పేపర్లు దిద్ది ఇచ్చేశాం కూడా. కింది రెప్ప లాగి చూస్తే లోపల ఎరుపన్నదే లేదు. ప్యాడ్లు చాలక రెండు కలిపి పెట్టుకుంటోంది. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని, అందుకే ఇంటర్వెల్‌లో కిందికి రావట్లేదని అప్పుడు చెప్పింది. వాళ్లమ్మని పిలిపించి, మర్నాడు ముగ్గురం వన్‌టౌన్‌లో ఘోషా ఆస్పత్రికి వెళ్లాం. హిమోగ్లోబిన్ 8 కూడా లేదు. ఆ వయసు పిల్లకి 12 ఉండాలి. డాక్టరమ్మ ముక్కులోంచి రక్తం వస్తుందా, పళ్లు తోముకుంటే చిగుళ్లు కారతాయా, చిన్న దెబ్బకే కమిలిపోతుందా అని ఒక్కొక్కటే అడిగారు. మొదటి నెలసరి నుంచే ఇంతగా పోతుంటే కొందరిలో రక్తం గడ్డకట్టడంలోనే లోపం ఉండొచ్చట. అందుకే ఆ ప్రశ్నలు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇది మీ కార్యక్రమంలో తప్పకుండా చెప్పించండి. రజస్వల అయిన మొదటి ఒకటి రెండేళ్లు తేదీలు అటూ ఇటూ కావడం మామూలే. కానీ 7 రోజులు దాటి ఆగకపోయినా, గంటా రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా, రూపాయి బిళ్లకన్నా పెద్ద గడ్డలు పడుతున్నా, నొప్పికి బడి మానేయాల్సి వస్తున్నా "ఆడపిల్లన్నాక ఓర్చుకోవాలి" అని ఊరుకోకూడదు. డాక్టర్‌కి చూపించాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా, దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. నెలనెలా ఎక్కువగా పోయే రక్తం దానికి ఒక కారణం. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఎందుకో కూడా పిల్లలకి ఎవరూ చెప్పరు. చాలామంది వేసుకోకుండా జేబులో పెట్టుకుపోతారు.

ఆ పిల్ల ఆ మాట ఆ సార్‌కి చెప్పేదా? ఆయనలో లోపం వెతకడం లేదు. ఆయన ఎంత మంచివాడైనా చెప్పేది కాదు. మీ సంఘంలో ఒకరు అన్నారని రాశారు, "గైనకాలజిస్టుల్లో మగవాళ్లు లేరా" అని. ఉన్నారు, మంచి డాక్టర్లూ ఉన్నారు. కానీ ఆ గదిలోకి పేషెంటు తనకు తానుగా వెళ్తుంది. పక్కన తల్లో, నర్సో ఉంటుంది. నచ్చకపోతే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తుంది. మీ కోఆర్డినేటర్ అలా కాదు. అతనే పిల్లల దగ్గరికి వస్తాడు, అందరి ముందూ వస్తాడు, వద్దనే వీలు వాళ్లకి ఉండదు. పద్నాలుగేళ్ల పిల్ల మీద అంత బరువు పెట్టకూడదు.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని సంగతికి వస్తాను. నెలసరికి సంబంధించిన పదవులు చాలావరకు ఇప్పటికే మగవాళ్ల చేతుల్లో ఉన్నాయి. బాత్రూం ప్లాను గీసే ఇంజినీరు, కట్టే తాపీమేస్త్రి, మోటారు వేసే అటెండరు, ప్యాడ్ల కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టే ఆఫీసరు, చెత్త బండి నడిపే డ్రైవరు. నేను చూసినంతలో దాదాపు అందరూ మగవాళ్లే. ఆ ఉద్యోగాల పేర్లలో నెలసరి అన్న మాట లేదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు, ఎవరికీ బాధ్యతా లేదు.

నేను పనిచేసిన ఒక స్కూల్లో ఆడపిల్లల బాత్రూం చూడటానికి చక్కగా ఉండేది. కొత్త టైల్స్, కొత్త తలుపులు. లోపలికి వెళ్తే తలుపుకి కొక్కెం లేదు, గోడకి గూడు లేదు. పంజాబీ డ్రెస్ వేసుకున్న పిల్ల టాప్ అంచు గడ్డం కింద నొక్కిపట్టి, చున్నీ మెడకి చుట్టుకుని, కొత్త ప్యాడ్ కవరు పళ్లతో పట్టుకుని మార్చుకోవాలి. కింద పెడదామంటే నేలంతా తడి. కుళాయి లోపల లేదు, బయట వరసలో ఉంది. చేతులు కడుక్కోవాలంటే అలాగే తలుపు తీసుకుని అందరి మధ్యకి రావాలి. వాడిన ప్యాడ్లు కాల్చే యంత్రం గోడకి బిగించారు, దాని ప్లగ్ పాయింటు మాత్రం వరండాలో ఉంది. దాంతో ఆ యంత్రం ఎప్పుడూ వెలగలేదు. ప్యాడ్లు కొన్ని ప్రహరీ అవతలికి, కొన్ని కమోడ్‌లోకి. అది పూడిపోతే బాగుచేయడానికి వచ్చినతను ఏం దొరికిందో వరండాలో గట్టిగా చెప్పడం, అబ్బాయిలు నవ్వడం. మధ్యాహ్నం తర్వాత ఇంటికి వెళ్లిపోయే ఆడపిల్లలు ఎందుకు వెళ్లిపోతున్నారో అర్థమైంది కదండీ.

దీన్ని మార్చింది మా పీఈటీ సార్. ఆయన ఆడపిల్లల్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. స్టాఫ్ రూమ్‌లో నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ఏమేం కావాలో మీరు పిల్లల్ని అడిగి కాగితం మీద రాసివ్వండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు. కొక్కేలు, ఒక అర, లోపలికి ఒక కుళాయి, మూత ఉన్న డబ్బా, ప్లగ్ పాయింటు అని రాసిచ్చాను. నేను అడిగినప్పుడు "చూద్దాం మేడమ్" అన్నవాళ్లే ఆయన వెంటపడితే వచ్చి చేశారు. అది న్యాయం కాదు, నాకు కోపం కూడా వచ్చింది. కానీ కొక్కెం పడింది. నవ్విన అబ్బాయిల్ని ఆయన గ్రౌండ్‌లో కూర్చోబెట్టి ఒక పీరియడ్ అంతా మాట్లాడారు. ఏం చెప్పారో నాకు తెలియదు, మళ్లీ నవ్వు మాత్రం వినపడలేదు. ఇక గేమ్స్ పీరియడ్‌లో ఎవరైనా "సార్, ఇవాళ కూర్చుంటాను" అంటే కారణం అడగడు. ఆడతానంటే వద్దనడు. మీ కుర్రాడికి నేను చెప్పే పని ఇదే.

కోయంబత్తూరు అరుణాచలం మురుగనాథం గారి గురించి మీకు తెలిసే ఉంటుంది. తక్కువ ఖర్చుతో ప్యాడ్లు తయారుచేసే యంత్రం కనిపెట్టి 2016లో పద్మశ్రీ అందుకున్నారు. మగవాళ్లు ఈ రంగంలో ఉండాలనేవాళ్లు మొదట చెప్పేది ఆయన పేరే. ఆ కథ పూర్తిగా చూడండి. తను చేసిన ప్యాడ్లు ఎలా ఉన్నాయో చెప్పమని మెడికల్ కాలేజీ అమ్మాయిలకి ఇస్తే, నిజమైన జవాబులు రాలేదు. కొందరే కూర్చుని అందరి ఫారాలూ నింపేయడం ఆయన కళ్లారా చూశారు. వైద్యం చదివే అమ్మాయిలే ఒక మగాడికి చెప్పలేకపోయారు. చివరికి ఆయన ఫుట్‌బాల్ బ్లాడర్‌లో మేక రక్తం నింపుకుని తన మీదే పరీక్షించుకున్నారు. యంత్రం తయారయ్యాక దాన్ని పెద్ద కంపెనీలకి అమ్ముకోకుండా స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ల చేతికి ఇచ్చారు. నడిపేదీ వాళ్లే, ఇంటింటికీ వెళ్లి అమ్మేదీ వాళ్లే. పనిముట్టు ఆయనది, మాట వాళ్లది. మీ కార్యక్రమం కూడా అలా ఉంటే బాగుంటుంది.

మగవాడు తప్పనిసరిగా కావాల్సిన చోటు ఇంకోటుంది, ఇది నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో దాదాపు 9 శాతం మంది గర్భసంచి తీయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద అది 3 శాతం పైచిలుకు. మా పిల్లల తల్లుల్లో, ముప్పై ఐదు దాటని వాళ్లలో కూడా ఎంతోమంది ఇలా ఉన్నారు. ఎక్కువగా బ్లీడింగ్ అవుతోందని వెళ్తే, "పిల్లలు పుట్టేశారుగా, తీయించేయమ్మా, పీడ పోతుంది" అని ఎవరో అంటారు. మందులతో తగ్గేదా, ఇంకో డాక్టర్‌ని అడగాలా అన్న మాటే రాదు. అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసులోనే ముట్లు ఆగినవాళ్లకి వచ్చే బాధలన్నీ మొదలవుతాయి, ఎముకలు గుల్లబారతాయి. ఆ ఇంట్లో నిర్ణయం ఆవిడ ఒక్కతే తీసుకోదు. ఖర్చెంత, పని ఎన్నాళ్లు పోద్ది అని లెక్కవేసేది భర్త. అతనితో ఎవరు మాట్లాడతారు? ఆశా కార్యకర్త మాట్లాడబోతే లేచి బయటికి వెళ్లిపోతాడు. ఆ ఘోషా ఆస్పత్రికి వెళ్లిన పిల్ల తండ్రి కూడా "పెళ్లయితే అదే సర్దుకుంటది" అని మందులు కొనడం ఆపేశాడు. ఆటో స్టాండులో అతని పక్కన కూర్చుని టీ తాగుతూ నచ్చజెప్పింది మా పీఈటీ సారే. తర్వాత మందుల కోర్సు పూర్తిచేశారు. పిల్ల ఇంటర్ చదివింది.

కాబట్టి మీ కుర్రాడికి ఇవ్వాల్సిన పదవికి ఒక పేరు పెట్టి, నోటీసు బోర్డు మీద రాయండి. బడుల్లో నీళ్లు, బాత్రూంలు, చెత్త డబ్బాలు, ప్యాడ్ల స్టాకు అతని బాధ్యత. తండ్రులతో, అబ్బాయిలతో మాట్లాడటం అతని పని. ఏదైనా ఆగిపోతే అందరూ అతన్నే అడగాలి. ఆడపిల్లల క్లాసులోకి మాత్రం వెళ్లడు. పైన కోఆర్డినేటర్‌గా మహిళే ఉండాలి, అతను ఆవిడకే లెక్క చెప్పాలి. ఆవిడ మీ ఏరియా ఏఎన్ఎంతో, ఆశాతో కలిసి పనిచేస్తే ఆస్పత్రికి పంపాల్సిన పిల్లల్ని పంపడం తేలికవుతుంది.

"ఆడవాళ్లు ఎవరూ ముందుకు రావట్లేదు" అని కూడా రాశారు. ఆ పని వేళలు చూశాను, రోజూ సాయంత్రం ఆరు తర్వాత మీటింగులు పెట్టారు. వంట, పిల్లల చదువు ఉన్న మనిషి ఆ వేళకి ఎలా వస్తుంది? పొద్దున బడి వేళకి మార్చండి. రిటైరైన స్టాఫ్ నర్సులు, టీచర్లు మధురవాడ చుట్టుపక్కల తప్పకుండా ఉంటారు, ఇంటికి వెళ్లి అడగండి. ఇంకొకటి, ఆ అబ్బాయికి నెల జీతం అనుకున్నారు. ఆవిడ విషయానికి వచ్చేసరికి "సేవాభావంతో చేసేవాళ్లు కావాలి" అని రాశారు. ఆవిడ పని పెద్దది, జీతం కూడా అతనికన్నా తగ్గకూడదు. ఈ ఆదివారం మీటింగులో ముందు అది తేల్చండి.