రెండు సంస్థల యోధులు మళ్ళీ ఒకే తెర మీదికి వస్తారా?

ప్రశ్న: మేము చదువుకునే రోజుల్లో కావలిలో ఒక వీడియో గేముల దుకాణానికి వెళ్ళి, రూపాయి బిళ్ళ వేసి 'కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97' ఆడేవాళ్ళం. మొన్న మా అబ్బాయి 'స్ట్రీట్ ఫైటర్ 6'లో ఆనాటి మా యోధుడు టెర్రీ బోగార్డ్‌ను చూపించేసరికి ప్రాణం లేచివచ్చింది. 'స్ట్రీట్ ఫైటర్' సంస్థ క్యాప్‌కామ్, 'కింగ్ ఆఫ్ ఫైటర్స్' సంస్థ ఎస్‌ఎన్‌కే కలిసి, ఇద్దరి యోధులూ తలపడే 'క్యాప్‌కామ్ వర్సెస్ ఎస్‌ఎన్‌కే' వరుసలో మూడవ ఆట తెస్తాయని వాడి నమ్మకం. ఆ ఆశ పెట్టుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: పెట్టుకోవచ్చునండీ, నేనూ పెట్టుకున్నాను. ఎస్‌ఎన్‌కే పాత్రలైన టెర్రీ 2024 సెప్టెంబరులోనూ, మై షిరనుయి 2025 ఫిబ్రవరిలోనూ క్యాప్‌కామ్ ఆటలోకి వచ్చారు. 2025 ఏప్రిల్‌లో విడుదలైన ఎస్‌ఎన్‌కే వారి 'ఫేటల్ ఫ్యూరీ: సిటీ ఆఫ్ ది వుల్వ్స్'కు 'స్ట్రీట్ ఫైటర్' పాత్రలు కెన్, చున్-లీ అతిథులయ్యారు. ఆ మరుసటి నెలలోనే, 2000, 2001 నాటి రెండు 'క్యాప్‌కామ్ వర్సెస్ ఎస్‌ఎన్‌కే' ఆటలూ 'క్యాప్‌కామ్ ఫైటింగ్ కలెక్షన్ 2'లో తిరిగి వెలువడ్డాయి. అయితే సంస్థల నోటి నుండి మాట వచ్చేదాకా ఇది ఆశే కనుక, అభిమానులు అల్లిన ట్రైలర్లు చూసి తేదీలు లెక్కపెట్టుకోవద్దని అబ్బాయికి చెప్పండి.

ఈ రెండిళ్ళ చుట్టరికం పాతది. 1987లో మొదటి 'స్ట్రీట్ ఫైటర్'ను రూపొందించిన తకాషి నిషియామా, ఆ తరువాత ఎస్‌ఎన్‌కేకు వెళ్ళి 1991లో 'ఫేటల్ ఫ్యూరీ'ని తీర్చిదిద్దారు. హ్యాండిల్‌ను కిందికి లాగి, వదలకుండా మూల మీదుగా ముందుకు జార్చి, ఆ ఊపులోనే పిడిగుద్దు బటన్ నొక్కితే 'స్ట్రీట్ ఫైటర్' వీరుడు రియూ హడోకెన్ అనే శక్తి గోళం విసురుతాడు. అదే కదలికకు టెర్రీ నేలను గుద్ది పవర్ వేవ్ అనే శక్తి తరంగం పంపుతాడు. కావలిలో మీ అరచేతికి అలవాటైన తిప్పుడు అదే.

ఇలాంటి ఉమ్మడి ఆటలో అసలు చిక్కు పాత్రల బలాబలాలను సరితూచడంలో ఉంది. మన జిల్లాల్లో ఒంగోలు ఎద్దుల బండలాగుడు పోటీలు చూసినవారికి ఇది వివరించనక్కరలేదు: రెండు పళ్ళ జతను ఆరు పళ్ళ జతతో ఎవరూ పోటీకి దించరు, పళ్ళను బట్టి విభాగాలు ముందే చేస్తారు. మొదటి 'క్యాప్‌కామ్ వర్సెస్ ఎస్‌ఎన్‌కే'లో ప్రతి పాత్రకూ 1 నుండి 4 వరకు విలువ కట్టి, జట్టు మొత్తం 4 కావాలన్నారు. అందువల్ల తక్కువ విలువ గల పాత్రను ఇష్టపడినవారు ఆ విలువకే కట్టుబడవలసి వచ్చింది. రెండవ ఆటలో ఆ 4 పాయింట్లను ముగ్గురి దాకా మనమే పంచుకోవచ్చు, లేదా ఒక్కడికే కట్టబెట్టవచ్చు. పైగా 'గ్రూవ్' అనే పోరాట పద్ధతులు ఆరు: 'పి' గ్రూవ్ ఎంచుకుంటే, దెబ్బ తగిలే క్షణంలో ముందుకు నొక్కి దానిని తిప్పికొట్టవచ్చు, మరొక గ్రూవ్‌లో ఆ సదుపాయమే ఉండదు. నలభైకి పైగా పాత్రలున్న ఆటలో ఈ స్వేచ్ఛ ఇవ్వడం సాహసం. మూడవ ఆట వస్తే పాత్రల సంఖ్య తగ్గినా నేను బాధపడను గాని, ఈ ఎంపిక పోతే మాత్రం బాధపడతాను.

ప్రశ్న: అలాంటి ఆట వచ్చేలోగా సాధన చేయాలంటే ఆర్కేడ్ స్టిక్ (ఆటల దుకాణాల యంత్రాలకుండే లాంటి హ్యాండిల్, బటన్ల పెట్టె) కొనక తప్పదా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అవసరం లేదమ్మా, మీ దగ్గరున్న ప్యాడ్ చాలు. మొదటి ఆట నాలుగు బటన్లది, రెండవది ఆరు బటన్లది కనుక, ఆరింటికీ వేళ్ళు అలవాటు పడేలా రెండవదానితో మొదలుపెట్టండి. ఎడమ వైపు నిలబడి మాత్రమే సాధన చేయకండి. పాత్ర కుడి వైపుకు మారితే కదలికల్లో కుడి ఎడమలు తారుమారై, నిన్నటిదాకా వచ్చిన హడోకెన్ రాకుండా పోతుంది. ట్రైనింగ్ మోడ్‌లో అటు పది, ఇటు పది వేసి చూడండి.