తేలిక రోలర్లు కొనేముందు పాతవి ఒకసారి అరచేతిలో వేసుకుని చూడండి

మీరు అడిగింది ఇదీ: "గుల్‌మార్గ్‌లో స్నోమొబైల్ కుర్రాడు క్లచ్‌లో బరువులు మార్చి పికప్ పెంచుతామన్నాడు. మన గేర్లు లేని స్కూటర్‌కీ అలా చేయించొచ్చా? ఇద్దరం ఎక్కితే సింహాచలం ఘాట్ మీద బండి ఏడుస్తోంది."

చేయించొచ్చు. మన బండిలో ఆ బరువుల్ని రోలర్లంటారు, బెల్టు తిప్పే ముందు పుల్లీ లోపల దొర్లే చిన్న గుండ్రటి ముక్కలు. నేను చేయించాను. చేయించి, ఓ నెల తిట్టుకుని, మళ్లీ విప్పించాను. అందుకే ఈ జవాబు.

నాది 110 సీసీ బండి. ఉండేది మర్రిపాలెం. ప్రతి శనివారం మా అమ్మని వెనకాల కూర్చోబెట్టుకుని కొండకి వెళ్లడం అలవాటు. 30 వేల కిలోమీటర్లు దాటాక బండి మారిపోయింది. అడవివరం దాటి ఎక్కడం మొదలుపెట్టేదాకా బాగానే ఉంటుంది. మలుపు దగ్గర బ్రేకు వేసి మళ్లీ రేజు ఇస్తే మాత్రం ముందుకు పోదు. ఇంజన్ గుర్రుమంటుంది, బండి కదలదు, మూడో గేర్లో మొదలెట్టినట్టు ఉంటుంది. ఒకసారి వెనక నుంచి బస్సు హారన్ కొడుతుంటే మా అమ్మ దిగిపోయి, "నువ్వు పోయి పైన ఆగు, నేను నడిచొస్తాను" అంది. అరవై ఏళ్ల మనిషి. ఆ రోజు పైన దర్శనం చేసుకున్నానే గానీ మనసంతా బండి మీదే.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. మూత కూడా తీయలేదు, ఒక రౌండు కొట్టొచ్చి "రోలర్లు తేలికవి వేసీద్దాం బాబూ, ఎగిరిపోద్ది" అన్నాడు. నా బండికి కంపెనీవి ఆరు రోలర్లు, ఒక్కోటి 13 గ్రాములు. అతను తెప్పించినవి 10 గ్రాములవి. వేరియేటర్ (రోలర్లుండే ముందు పుల్లీ) నట్టు సరిగ్గా విప్పడానికి గాలి గన్ను ఉంటే మంచిది. అతని దగ్గర లేదు. పుల్లీకి గాలి కోసం ఉండే రెక్కల్లో స్క్రూడ్రైవర్ ఇరికించి సుత్తితో కొట్టాడు, ఒక రెక్క టక్కున విరిగింది. "ఏం కాదు బాబూ" అన్నాడు. వైజాగ్‌లో మెకానిక్ షెడ్డుల్లో నేను ఎక్కువగా విన్న మాట అదే. ఇంకోటి, పాత సామాను మనకి చూపించరు. ఆ రోజు పట్టుబట్టి పాత రోలర్లు అడిగి తీసుకుని డిక్కీలో పడేశాను. అదే నన్ను కాపాడింది.

మొదటి వారం నిజంగానే ఎగిరింది. సిగ్నల్ దగ్గర అందరికంటే ముందు నేనే. రెండో వారం మా బామ్మర్ది, నేను అరకు బయల్దేరాం. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాకా చదును రోడ్డు కదా, అక్కడ తెలిసొచ్చింది. యాభైలో వెళ్తుంటే అరవై అయిదులో వెళ్తున్నంత గోల. వాడు వెనకనుంచి "బావా, ఇది పిండిమర లాగ ఉంది" అన్నాడు. టైడా దాటాక ఎక్కుడు బాగానే ఎక్కింది, కాదనను. కానీ ఆ నెలలో లీటరుకి 46 వచ్చే మైలేజ్ 38కి పడిపోయింది. పెట్రోలు బంకు కుర్రాడు నన్ను గుర్తుపట్టి పలకరించే స్థితికి వచ్చింది. పైగా మలుపులో అప్పుడప్పుడూ ఆ పాత బద్ధకం ఇంకా కనిపిస్తూనే ఉంది.

అసలు సంగతి కురుపాం మార్కెట్‌లో తేలింది. అమ్మ చెవి దిద్దులు బాగు చేయించడానికి వెళ్లి, అక్కడి త్రాసు చూడగానే డిక్కీలో రోలర్లు గుర్తొచ్చాయి. కంసాలి ముసలాయన ముందు ఓ కాగితం పరిచి ఆరూ పోశాను. "ఏటి బాబూ, ఇవి తాకట్టు పెట్టుకోను" అన్నాడు. విషయం చెప్పాక నవ్వుకుని ఒక్కోటీ తూచాడు. 12.2 నుంచి 12.7 దాకా, ఏ రెండూ ఒకటి కాదు. అంతకంటే పెద్ద మాట ఆయనే అన్నాడు. ఒకదాన్ని గాజు బల్ల మీద దొర్లించి, "ఇది గుండ్రంగా లేదు. ఒక పక్క చదునైపోయింది, ఇదెలగ దొర్లుద్ది?" అన్నాడు. స్కూటర్ మూత ఎప్పుడూ విప్పని మనిషి నా బండి జబ్బు చెప్పేశాడు.

ఎలాగంటే, ముందు పుల్లీలో రెండు పళ్లాలు ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో బెల్టు. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ రోలర్లు బయటికి దొర్లి ఒక పళ్లాన్ని రెండోదాని వైపు తోస్తాయి. బెల్టు పైకెక్కుతుంది, గేరు మారినట్టు అవుతుంది. వేగం తగ్గితే వెనక పుల్లీలో ఉన్న స్ప్రింగు బెల్టుని లాగి రోలర్లని మళ్లీ లోపలికి పంపాలి. చదునైన రోలరు వెనక్కి దొర్లదు, ఉన్నచోటే పట్టేస్తుంది. మలుపులో బండి నెమ్మదించినా గేరు మాత్రం పైనే ఉండిపోతుంది. మా అమ్మ దిగి నడిచింది అందుకే. రోలరు తేలికైతే పళ్లాన్ని తోయడానికి ఇంజన్ ఇంకా ఎక్కువ తిరగాలి, అందుకే పికప్, అందుకే గోల, అందుకే పెట్రోలు. పవర్ ఒక్క చుక్క కూడా పెరగదు. ఉన్న పవర్‌ని ఏ వేగం దగ్గర వాడాలో చెప్పడమే ఈ ట్యూనింగ్ అంతా.

మీ స్నోమొబైల్ కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు. అక్కడా సూత్రం ఇదే. కాకపోతే వాళ్లకి రోలర్లకి బదులు చేతుల్లాంటి బరువులు ఉంటాయి. మన స్కూటర్‌కి వెనక విడిగా క్లచ్ షూలు (వేగం పెరిగితే విచ్చుకుని పట్టుకునేవి) ఉంటాయి, వాళ్లకి అవి లేవు, ముందు పుల్లీ బెల్టుని బిగించి పట్టుకోవడమే క్లచ్. గుల్‌మార్గ్ 2,650 మీటర్ల ఎత్తు. వెయ్యి అడుగులు ఎక్కితే ఇంజన్‌కి దాదాపు నూటికి మూడు వంతుల బలం పోతుంది, అంటే అక్కడ నూటికి పాతిక వంతులు పోయినట్టే. బలం తగ్గిన ఇంజన్‌ని దాని సరైన వేగం దగ్గర నిలబెట్టాలంటే బరువులు తగ్గించాల్సిందే. వాళ్లకది అవసరం. మనం ఉండేది సముద్రం ఒడ్డున. సింహాచలం గుడి 250 మీటర్లు కూడా లేదు. ఆ లెక్కన పోయే బలం నూటికి మూడు వంతుల్లోపే. బండి ఏడవడానికి అది కారణం కాదండీ.

తర్వాత నేనేం చేశానంటే, ఆటోనగర్‌లో గాలి గన్ను ఉన్న షెడ్డు వెతుక్కుని కొత్త 13 గ్రాముల రోలర్లు, కొత్త బెల్టు వేయించాను. పాత బెల్టు అరిగి సన్నబడింది, దానివల్లే టాప్ స్పీడు కూడా తగ్గిందట. లోపలంతా నల్ల పొడి, దాని మీద మన ఉప్పుగాలి తేమ. బీచ్ రోడ్డులో ఇల్లున్నవాళ్లు ఆ మూత ఇంకా ముందే తీయించాలి. వెనక స్ప్రింగు కొత్తదాని పక్కన నిలబెట్టి చూశాం, పొట్టిగా అయిపోయింది, అదీ మార్చేశాం. తేలిక రోలర్లు వేశాక కూడా మలుపులో ఆ బద్ధకం పూర్తిగా పోకపోవడానికి ఇదే కారణం అయ్యుండొచ్చు. విరిగిన రెక్క ఉన్న పుల్లీ కూడా మార్చాల్సి వచ్చింది. ఆ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది.

ఆ శనివారమే అమ్మతో కొండెక్కాను. ఎక్కడా దిగలేదు. 

ఇంకా కొంచెం చురుకు కావాలనిపించి, ఈమధ్య మూడు 13 గ్రాములవి, మూడు 12 గ్రాములవి ఒకటి విడిచి ఒకటి పెట్టించాను. మైలేజ్ 44 వస్తోంది. నాకు చాలు. ఆన్‌లైన్‌లో రంగు రంగుల డబ్బాల్లో "పెర్ఫార్మెన్స్ కిట్" అని అమ్మేవాటి జోలికి వెళ్లకండి. కంపెనీ చెప్పకుండా ఎవరైనా రోలర్లకి గ్రీజు పూస్తానంటే ఆపండి, అది చిమ్మి బెల్టుకి తగిలితే బెల్టు జారుతుంది.

మీ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాయలేదు. 20 వేలు దాటి ఉంటే ముందు మూత తీయించండి. రోలర్లు గాజు మీద దొర్లించి చూడండి. కురుపాం మార్కెట్ వెళ్లేట్టయితే ఆ ముసలాయన మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కొట్టు కట్టేస్తాడు, సాయంత్రం వెళ్లండి.