మేపుల్ సిరప్ పొయ్యి: ముందు ట్రే మరిగి వెనక ట్రేలు మరగకపోతే

అమెరికాలోని వెర్మాంట్‌లో ఇంటి వెనక మేపుల్ చెట్లకు పన్నెండు టాపులు (రసం కారే చిన్న గొట్టాలు) పెట్టి, సిమెంటు దిమ్మెల పొయ్యి మీద మూడు బఫే ట్రేలలో (విందుల్లో వంటకాలు పెట్టే స్టీలు ట్రేలు) సాప్, అంటే ఆ చెట్ల రసం, సిరప్ కోసం కాస్తున్నామని రాశారు. ముందు ట్రే కళపెళా మరుగుతుంటే వెనక రెండూ వేడెక్కడమే తప్ప మరగడం లేదు, పెద్ద ట్రేలు కొనాలా అని అడిగారు. కొనకండి. లోపం ట్రేలలో లేదు, మంట నడిచే దారిలో ఉంది.

సాప్‌లో చక్కెర 2 శాతం ఉంటే లీటరు సిరప్‌కు 43 లీటర్లు కాయాలి. చెరకు రసంలో చక్కెర ఇంతకు ఎనిమిది రెట్ల పైనే ఉంటుంది కనుక బెల్లం పెనం కింద కొంత సెగ వృథా అయినా నడిచిపోతుంది. ఇక్కడ పనంతా నీళ్లను ఆవిరి చేయడమే. పొగ గొట్టంలోకి పోయేలోపు మంట మూడు ట్రేల అడుగునూ రాసుకుంటూ పోవాలి.

దిమ్మెలు 8 అంగుళాల ఎత్తువి కాబట్టి మూడు వరసలంటే 24 అంగుళాలు. ట్రేలు అంచుల మీద వేలాడి 4 అంగుళాలు లోపలికి దిగుతాయి. మొదటి వరస ఎత్తులో ఇనుప జాలీ వేస్తే దాని కింద బూడిదకూ గాలికీ చోటు, పైన ట్రే అడుగు దాకా 12 అంగుళాల మంట గది వస్తాయి. ఈ గది ముందు ట్రే కిందే ఉండాలి. అది దాటగానే ఇసుక పోసి ఏటవాలుగా పైకి లేపండి. రెండో ట్రే మధ్యకు వచ్చేసరికి ట్రే అడుగుకూ ఇసుకకూ మధ్య ఒకటిన్నర అంగుళం సందే మిగలాలి, చివరిదాకా అంతే. ఇసుక మీద ఫైర్‌బ్రిక్ (వేడికి పగలని ఇటుక) పరవండి. మీ పొయ్యిలో ఈ ఏటవాలు లేదు, అందుకే సెగ అడుగునుంచే గొట్టంలోకి జారిపోతోంది.

లోపలి వెడల్పు 18 అంగుళాలైతే ఆ సందు వైశాల్యం 27 చదరపు అంగుళాలు. 6 అంగుళాల గొట్టానిది 28. రెండూ సరిపోతాయి కాబట్టి 4 అంగుళాల గొట్టం పెట్టి పొగ లాగుడు చంపుకోకండి. గొట్టం ఎత్తు పొయ్యి పొడవుకు రెట్టింపు ఉంటే మంచిది, మీ నాలుగడుగుల పొయ్యికి 8 అడుగులు. ట్రేల మధ్య సందుల్ని సెరామిక్ ఫైబర్ తాడుతో మూయండి, చల్లగాలి అక్కడినుంచే దూరుతుంది. మంట గది లోపల కూడా ఫైర్‌బ్రిక్ పేర్చండి, లేకపోతే దిమ్మెలు పగులుతాయి. ఏటి రాళ్లు మాత్రం వద్దు, వేడికి పేలతాయి.

కట్టెలు మణికట్టు లావున చీల్చినవి, బాగా ఎండినవి కావాలి. అడ్డదిడ్డంగా పేర్చి ఏడెనిమిది నిమిషాలకోసారి కొద్దికొద్దిగా వేయండి. లావు మొద్దులు సెగనివ్వవు, తలుపు తెరిచి ఉంచితే మరుగు ఆగిపోతుంది. ట్రేల అడుగున నల్లటి మసి దట్టంగా పట్టిందంటే తడి కట్టె, లేదా జాలీ కింద గాలి చాలలేదు. గొట్టం ఎర్రబడుతుంటే సందు ఎక్కువైంది. ఇవన్నీ సరిచేశాకే బ్లోయర్ (గాలి ఊదే ఫ్యాన్) సంగతి.

ఇలా కడితే మూడు ట్రేలూ కలిపి గంటకు 18 లీటర్ల వరకు ఆవిరవుతుంది. చల్లటి సాప్ బిందెలతో పోస్తే మరుగు చల్లారుతుంది కాబట్టి వెనక ట్రేలోనే సన్నధారగా పోసి, అక్కడినుంచి గరిటెతో ముందుకు తోడండి. లోతు ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు. అంగుళం కంటే తగ్గితే అడుగంటుతుంది, మాడు వాసన ఇక పోదు. నురగ పొంగితే పిసరంత వెన్న చాలు.

పాకం కట్టెల మంట మీద ముగించకండి, చివర్లో అది క్షణాల్లో మాడుతుంది. ముందు ట్రేలోది నీటి మరుగు కంటే 2 డిగ్రీల సెల్సియస్ ఎక్కువలో ఉన్నప్పుడు తీసి ఇంట్లో గ్యాస్ మీద 4 డిగ్రీలు ఎక్కువయ్యేదాకా తీసుకెళ్లండి. నీటి మరుగు గాలి పీడనంతో మారుతుంది కనుక ఆ రోజే కొలిచి చూసుకోవాలి. వెర్మాంట్ ప్రమాణం 66.9 బ్రిక్స్ (బరువులో చక్కెర శాతం), కాబట్టి దాన్ని కొలిచే హైడ్రోమీటరు తప్పదు. వేడిగా ఉండగానే ఉన్ని గుడ్డలో వడకడితే ఇసుకలాంటి మడ్డి పోతుంది.

ట్రే తీసిన చోట నీళ్ల ట్రే పెట్టండి. కట్టెలు ఆపినా ఇటుకలు చాలాసేపు మరిగిస్తూనే ఉంటాయి కాబట్టి మిగతా ట్రేలలో మూడు అంగుళాల సాప్ వదలండి. జింకు పూత ఉన్న, సీసం అతుకులున్న పాత్రలు వాడకండి. పొయ్యి గ్యారేజీలో పెట్టవద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.