గోడకి చెమ్మ, కారే ట్యాపు, ఊడొచ్చే స్క్రూ: మీ ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: హాల్లో ఒక గోడకి కింద నుంచి మోకాలెత్తు దాకా పెయింట్ పొక్కిపోయి తెల్లగా పిండిలా రాలుతోందండీ. రెండుసార్లు గీకించి పుట్టీ పెట్టించి రంగు వేయించాం, కొన్ని నెలలకే మళ్ళీ మామూలే. ఈసారి వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేద్దామనుకుంటున్నాం, మంచిదేనా?

జవాబు: ముందు ఆ డబ్బా కొనడం ఆపండి. మీ గోడ సమస్య రంగుతో కాదు, నీళ్ళతో. ఆ తెల్ల పిండి ఇటుకలోనూ సిమెంటులోనూ మట్టిలోనూ ఉండే లవణం, గోడలోకి చేరిన తడి దాన్ని కరిగించుకుని పైకి మోసుకొస్తుంది, నీళ్ళేమో ఆవిరైపోతాయి, ఉప్పేమో పెయింట్ వెనకాల గట్టిపడి దాన్ని లోపల్నుంచి తోసేస్తుంది, అందుకే ఎంత ఖరీదైన రంగు వేసినా పొక్కుతుంది. లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ పూత వేస్తే తడి ఆరే దారి మూసుకుపోయి ఇంకా పైకెక్కుతుంది, ఇవాళ మోకాలి దాకా ఉన్నది తర్వాత నడుం దాకా వస్తుంది.

కాబట్టి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. అవతలి వైపు ఏముందో వెళ్ళి చూడండి. బాత్రూమ్ ఉందా, సింకు పైపు ఉందా, బయట మట్టి గానీ గచ్చు గానీ ఇంటి నేలకన్నా ఎత్తుగా ఉండి వాన నీళ్ళు గోడ పక్కనే నిలుస్తున్నాయా? మా ఇంట్లో ఇలాగే ఒక గోడకి రెండుసార్లు రంగు వేయించాక తెలిసింది, అవతల బాత్రూమ్‌లో నీళ్ళు పోయే జాలీ చుట్టూ టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ ఊడిపోయిందని, పోసిన ప్రతి చెంబు నీళ్ళలో కొంచెం గోడలోకే వెళ్తోందని. పాత గ్రౌట్ గీకి, పూర్తిగా ఆరనిచ్చి కొత్తది నింపితే చెమ్మ ఆగింది.

పైపు కారుతోందేమో అని అనుమానముంటే, నీళ్ళ మీటర్ ఉన్నవాళ్ళు రాత్రి ట్యాపులన్నీ కట్టేసి అంకె రాసుకోండి, పొద్దున్న ఎవరూ వాడకముందే మళ్ళీ చూడండి, అంకె కదిలిందంటే ఎక్కడో పోతుండొచ్చు. అది ఫ్లష్ ట్యాంక్ కూడా కావచ్చు, ట్యాంకులో కొంచెం వంటకి వాడే రంగు కలిపి అరగంట ఫ్లష్ చెయ్యకుండా వదిలేయండి, కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి రబ్బరు అరిగినట్టు. ఇంకో పరీక్ష, చెమ్మ ఉన్నచోట ఒక ప్లాస్టిక్ షీటు ముక్క పెట్టి నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అంటించి ఒకట్రెండు రోజులు ఉంచండి. షీటు వెనకాల గోడవైపు తడి పడితే నీళ్ళు గోడలోంచే వస్తున్నాయి, బయటివైపు పడితే గదిలో గాలి ఆడక ఆవిరి పట్టేస్తోంది, అప్పుడు కిటికీ తెరవడమో ఎగ్జాస్ట్ ఫ్యానో సరిపోతుంది.

ఇవేవీ కాకుండా గోడ పొడవునా ఇంచుమించు ఒకే ఎత్తులో చెమ్మ ఉంటే పునాది తడిని గోడ పీల్చుకుంటోందని అనుమానించాలి, అది మీ చేత్తో అయ్యే పని కాదు, తెలిసినవాళ్ళని పిలవండి.

నీళ్ళొచ్చే దారి మూశాక తొందరపడొద్దు. పొక్కిన పెచ్చులన్నీ తీసేసి ఉప్పుని పొడి బ్రష్‌తోనే దులపండి, నీళ్ళు పోసి కడిగితే అది కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. గోడ ఆరడానికి నెలలు పట్టొచ్చు, అన్నాళ్ళూ అలా చూడ్డం కష్టంగానే ఉంటుంది గానీ తడి మీద పుట్టీ పెడితే మళ్ళీ మొదటికొస్తారు.

ప్రశ్న: ట్యాపు ఎంత గట్టిగా తిప్పినా చుక్కచుక్క కారుతూనే ఉందండి, మొత్తం మార్చాలా?

జవాబు: గట్టిగా తిప్పడమే మానండి, వాషర్ ఇంకా నలిగిపోతుంది. కట్టేసినప్పుడు ముక్కు నుంచి కారితే లోపలి వాషర్, తెరిచినప్పుడు పిడి దగ్గర కారితే స్పిండిల్ (పిడితో పాటు తిరిగే కడ్డీ) చుట్టూ ఉండే ప్యాకింగ్ గానీ, ఓ-రింగ్ అనే రబ్బరు చుట్టు గానీ పోయిందని అర్థం. ట్యాపుకి నీళ్ళొచ్చే వాల్వ్ కట్టేసి, ట్యాపు తెరిచి మిగిలిన నీళ్ళు వదిలేయండి, స్క్రూలు జారి పోకుండా సింకు రంధ్రంలో గుడ్డ కుక్కి అప్పుడు విప్పండి. పాత వాషర్‌ని పట్టుకెళ్ళి సరిగ్గా అదే సైజు తెచ్చుకోండి. వాషర్ కూర్చునే ఇత్తడి అంచు మీద వేలు పెట్టి చూడండి, గరుకుగా గాట్లు తగిలితే కొత్త వాషర్ వేసినా కారుతుంది. పావు చుట్టు తిప్పితే తెరుచుకునే రకం అయితే దాంట్లో వాషర్ ఉండదు, లోపలి కాట్రిడ్జ్ మొత్తం మార్చాలి. ట్యాపునే గోడలోంచి తీసి బిగించాల్సొస్తే టెఫ్లాన్ టేపుని మరలు మీకు ఎదురుగా పెట్టుకుని గడియారం తిరిగే వైపే చుట్టండి, దానికి వ్యతిరేకంగా చుడితే బిగించేటప్పుడు ఊడొచ్చేస్తుంది.

ప్రశ్న: గోడకి షెల్ఫ్ బిగించాను, వారంలో స్క్రూ పట్టుకునే ప్లాస్టిక్ ప్లగ్గుతో సహా ఊడొచ్చేసింది. డ్రిల్ తప్పా, గోడ తప్పా?

జవాబు: మీ ప్లగ్గు ప్లాస్టరింగ్‌లోనే ఆగిపోయుంటుంది. పైన ఉన్న ఆ సిమెంటు పొర అంగుళం కూడా ఉండదు, బరువు మోసేది లోపలి ఇటుక, ప్లగ్గు దాంట్లోకి పూర్తిగా దిగాలి, అందుకు తగ్గ పొడవు స్క్రూ ఉండాలి. 6 మిల్లీమీటర్ల ప్లగ్గుకి 6 బిట్టే వాడండి. లోతు గుర్తుకి బిట్టు మీద టేపు చుట్టుకోండి, ప్లగ్గు కన్నా కాస్త ఎక్కువ లోతు తవ్వి లోపలి పొడి ఊదెయ్యండి, కళ్ళద్దాలు పెట్టుకుని ఊదండి. ఇప్పుడు వదులైపోయిన రంధ్రాన్ని 8కి పెంచి 8 ప్లగ్గు, దానికి తగ్గ లావు స్క్రూ వేయొచ్చు, అంచు మరీ చెదిరిపోతే పక్కకి జరిపి కొత్తగా వేయండి. స్విచ్‌బోర్డుకి గానీ ట్యాపుకి గానీ నిటారుగా పైనా కిందా, అదే వరసలో పక్కకీ డ్రిల్ పెట్టకండి, వైర్లూ పైపులూ ఎక్కువగా ఆ దారిలోనే పోతాయి.

ప్రశ్న: గీజర్ వేస్తే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) పడిపోతోంది. ఎక్కువ ఆంపియర్లది మార్చేస్తే సరిపోతుందా?

జవాబు: వద్దండీ, దయచేసి అలా చెయ్యకండి. ఎంసీబీ ఉన్నది వైరుని కాపాడ్డానికి, పెద్దది వేస్తే అది పడదు, దానికి బదులు గోడలో వైరు వేడెక్కుతుంది, మంటలు ఇలాగే మొదలవుతాయి. ఒక్కసారి ఇది చూడండి: ఆ లైను మీదున్న మిగతావన్నీ ఆపేసి గీజర్ ఒక్కటే వేయండి. అప్పుడు పడకపోతే ఒకే లైను మీద బరువు ఎక్కువైంది, గీజర్‌కి వేరే లైను లాగించండి. వెంటనే పడితే హీటింగ్ ఎలిమెంట్‌లోనో వైరింగ్‌లోనో లోపం, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా దాన్ని వాడకండి. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా ఆయన్ని చూడమనండి, షాక్ నుంచి మనుషుల్ని కాపాడేది అదే, ఉంటే దాని మీదున్న టెస్ట్ బటన్ అప్పుడప్పుడూ నొక్కి చూస్తుండండి, నొక్కినా పడకపోతే అది మార్చాల్సిందే.