కుక్కల బోర్డింగ్‌కు 8 లక్షల అప్పు: ముందు అత్యవసర నిధి సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 33. హైదరాబాద్‌లో ఇళ్లకు వెళ్లి కుక్కలకు శిక్షణ ఇస్తాను. నెలకు ఆరు కుక్కలు, ఒక్కోదానికి 9,000 రూపాయలు. యజమానులు ఊరెళ్లినప్పుడు వాళ్ల కుక్కలను మా ఇంట్లోనే ఒకేసారి మూడింటి దాకా బోర్డింగ్‌కు పెట్టుకుంటాను. నిరుడు మొత్తం 390 రాత్రులకు డబ్బులొచ్చాయి. ఎక్కువ భాగం వేసవి సెలవులు, దసరా, సంక్రాంతికే. ఇప్పుడు శామీర్‌పేట దగ్గర నెలకు 25,000 అద్దెకు, 11 నెలల ఒప్పందం మీద స్థలం దొరికింది. అందులో 12 గదుల కెన్నెల్ (కుక్కల వసతి) కడదామని ఉంది. రాత్రికి 700 చొప్పున నెలకు రెండున్నర లక్షలు వస్తాయి. బ్యాంకు 16 శాతం వడ్డీకి ఐదేళ్లకు 8 లక్షల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. నా దగ్గర 2.4 లక్షలు ఉన్నాయి. 45 రోజులు మా దగ్గరే ఉంచుకుని నేర్పే శిక్షణకు నలుగురు తలా 30,000 అడ్వాన్స్ ఇచ్చారు. ఇంకో లక్ష క్రెడిట్ కార్డు మీద తీస్తాను. ఇంటి ఖర్చు 38,000, బండి ఈఎంఐ 4,500. భార్య, నాలుగేళ్ల పాప ఉన్నారు. ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: వద్దు. మీకు పని వచ్చు, గిరాకీ కూడా ఉంది. అడ్డొచ్చేది డబ్బు సర్దిన తీరు. ఈ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. జిమ్ పెట్టేవారు, ప్లే స్కూల్ పెట్టేవారు, ఫంక్షన్ హాలు లీజుకు తీసుకునేవారు అందరూ ఇదే తప్పు చేస్తున్నారు. రద్దీ నెల రాబడిని పన్నెండుతో హెచ్చవేసి, దాని మీద అప్పు తెస్తున్నారు.

మీ అంకెలే తీసుకుందాం. మూడు కుక్కలకు ఏడాదిలో 1,095 రాత్రులు. నిండినవి 390, అంటే 36 శాతం. 12 గదులకూ ఇదే పాళ్లలో గిరాకీ వస్తుందనుకున్నా (నాలుగింతలు కుక్కలు తొలి ఏడాదే రావడం తేలిక కాదు) నెలకు 130 రాత్రులు, 91,000 రూపాయలు. ఇక ఖర్చు చూడండి. అద్దె 25,000. ఇద్దరు సహాయకులకు 28,000. రాత్రి పూట కుక్కల దగ్గర మనిషి ఉండాలి కాబట్టి ఒక్కరితో నడవదు. కరెంటు, నీళ్ల ట్యాంకర్లకు 9,000, శుభ్రత సామానుకు 4,000, పశువైద్యుడికి, మందులకు 5,000. తిండికి రోజుకు 120 చొప్పున 15,600. మొత్తం 86,600. మిగిలేది 4,400. లోన్ ఈఎంఐ దాదాపు 19,450. కెన్నెల్ నెలకు 15,000 లోటులో నడుస్తుంది. మీ శిక్షణ ఆదాయం 54,000లో ఇంటి ఖర్చు, బండి ఈఎంఐ పోగా మిగిలే 11,500 కూడా ఆ లోటును పూడ్చదు. పైగా మీరు ఇళ్లకు శిక్షణకు వెళ్లినంతసేపూ కెన్నెల్‌లో బాధ్యత గల మనిషి ఉండడు. అక్కడే కూర్చుంటే ఆ 54,000 తగ్గుతుంది.

ఇంకో మాట. మీరు వేసిన లెక్కే నిజమైతే ఏడాదికి 30 లక్షలు. సేవలకు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. అది మీ కాగితంలో ఎక్కడా లేదు.

అసలు విషయం అత్యవసర నిధి. మీ 2.4 లక్షలను మీరు పెట్టుబడి అంటున్నారు. నా దృష్టిలో అది మీ ఇంటి ఆరు నెలల తిండి. 38,000కు బండి ఈఎంఐ కలిపి ఆరు నెలలకు 2.55 లక్షలు కావాలి. అంటే మీరు దాదాపు గమ్యం చేరారు, అక్కడి నుంచి మొత్తం తీసి సిమెంటులో పోస్తానంటున్నారు. దీనికి ఒప్పుకోను.

కెన్నెల్‌కు మరో నిధి వేరుగా ఉండాలి. ఎందుకో మీకు తెలియంది కాదు, కానీ రూపాయల్లో లెక్కేసి ఉండరు. పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు ఒక్క కుక్కపిల్లకు వచ్చిందనుకోండి. వైరస్ సోకిన మూడు నుంచి ఏడు రోజులకు, ఒక్కోసారి 14 రోజులకు లక్షణాలు బయటపడతాయి. కాబట్టి వాంతులు, రక్త విరేచనాలు కనిపించే సరికే పక్క గదుల వాటికి అంటి ఉండవచ్చు. కనీసం రెండు వారాలు కొత్త కుక్కను చేర్చుకోకూడదు. ఫినాయిల్‌తో ఆ వైరస్ చావదు. ముందు మలం, బురద పూర్తిగా కడిగేసి, ఆ తర్వాత 5 శాతం బ్లీచ్ ద్రావణం ఒక పాలు, నీళ్లు 30 పాళ్లు కలిపి పోసి, పది నిమిషాలు నేల తడిగానే ఉంచాలి. సిమెంటు నేలకైతే ఇది చాలు. ఆటస్థలంలోని మట్టిలో వైరస్ నెలల తరబడి బతుకుతుంది. నీడ పట్టున ఏడాది దాకా కూడా. మట్టిని కడగలేరు కాబట్టి టీకాల కోర్సు పూర్తికాని కుక్కపిల్లలను అక్కడికి వదలలేరు. అంటే ఆ వయసు గిరాకీ అంతా ఆగిపోతుంది. ఇదే సంక్రాంతి వారంలో జరిగితే బుకింగ్‌లన్నీ తిరిగి ఇవ్వాలి. అద్దె, జీతాలు, ఈఎంఐ మాత్రం ఆగవు.

కుక్కలు లేకపోయినా ప్రతి నెలా కట్టాల్సినది, తిండి తీసేస్తే, 71,000. ఈఎంఐతో 90,450. మూడు నెలలకు 2.71 లక్షలు. ఇంటి నిధితో కలిపితే ఐదు లక్షల పైచిలుకు. తొలి ఇటుక వేయకముందే ఇంత ఉండాలి. మీ ప్రణాళికలో ఉన్నది సున్నా.

ఇంటి నిధిలో ఒక నెల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో, మిగతాది స్వీప్ డిపాజిట్‌లోనో (ఖాతాకు ముడిపడి, కావాలంటే వెంటనే తీసుకోగల ఎఫ్‌డీ) లిక్విడ్ ఫండ్‌లోనో (తక్కువ కాలపు రుణ పత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్) ఉంచండి. ఫండ్‌లో తక్షణ ఉపసంహరణకు రోజుకు 50,000 పరిమితి ఉందని గుర్తుంచుకోండి. చీటీలో వేయకండి. అవసరం వచ్చిన నెలలోనే పాట మీకు దక్కుతుందన్న భరోసా లేదు, దక్కించుకోవాలంటే తోసుడు (పాటలో వదులుకునే సొమ్ము) ఎక్కువ పోతుంది.

అడ్వాన్సులు 1.2 లక్షలు మీ సొమ్ము కాదు. చేయని పనికి తీసుకున్న డబ్బు అప్పుతో సమానం, అదీ ఎప్పుడైనా అడగగల అప్పు. ఉంచుకుని నేర్పే శిక్షణలో గొడవ ఎక్కడొస్తుందో మీకు తెలుసు. కుక్క మీ దగ్గర 'సిట్' (కూర్చో), 'స్టే' (అక్కడే ఉండు), 'హీల్' (పక్కనే నడువు) అన్నీ చేస్తుంది. ఇంటికెళ్లి యజమాని చెబితే వినదు. నేర్చుకున్న చోటు వేరు, లీష్ పట్టిన చెయ్యి వేరు. యజమానికి కనీసం మూడు నాలుగు సెషన్లు, అందులో రెండు వాళ్లింట్లోనే పెట్టకపోతే, "మళ్లీ ఉచితంగా నేర్పండి, లేదా డబ్బు ఇచ్చేయండి" అంటారు. అందుకే ఇలాంటి ఫీజు ఎప్పుడు తీసుకున్నా వేరే ఖాతాలో వేసి, 15 రోజులు పూర్తయిన కొద్దీ కొంత తీసుకోండి. చివరి 20 శాతాన్ని ఇంటి సెషన్లు ముగిశాకే ముట్టండి.

ఇక అప్పు. కార్డు మీద నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ. నెలకు 3.5 శాతం అంటే ఏడాదికి 42. సగం గదులు కూడా నిండని వ్యాపారానికి ఈ వడ్డీకి డబ్బు తేవాలన్న ఆలోచన ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. 8 లక్షల లోన్‌కు ఐదేళ్లలో వడ్డీయే 3.67 లక్షలు. ఆ డబ్బుతో 11 నెలల ఒప్పందం ఉన్న పరాయి స్థలంలో గోడలు కడతారట. పన్నెండో నెలలో యజమాని ఖాళీ చేయమంటే గోడలు ఆయనవి, మిగిలిన 49 ఈఎంఐలు మీవి.

మరి ఏం చేయాలి? ఈ ఏడాది రద్దీ రోజులకు ఇప్పటికే నడుస్తున్న కెన్నెల్‌లో నాలుగు గదులు రాత్రి లెక్కన మాట్లాడుకోండి. మీ ఖాతాదారులు, మీ శిక్షణ, వారి చోటు. రాబడిలో వాటా పోయినా ఖాళీ నెలల్లో అద్దె ఉండదు. నెలకు మిగిలే 11,500తో ముందు ఇంటి నిధికి తగ్గిన 15,000 పూడ్చి, తర్వాత కెన్నెల్ నిధి మొదలుపెట్టండి. ఏ నెల ఎన్ని రాత్రులు నిండాయో పుస్తకంలో రాయండి. 12 నెలల ఆ లెక్క, బ్యాంకు ఖాతాలో కనిపించే రాబడి ఉంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ పథకం కింద బ్యాంకులిచ్చే 5 లక్షల లోపు ముద్రా కిశోర్ రుణానికి హామీ లేకుండా అడగవచ్చు. అప్పుడైనా కనీసం మూడేళ్ల రిజిస్టర్డ్ లీజు ఉండాలి. కట్టడం బదులు నట్లు బోల్టులతో విప్పి తీసుకుపోగల ఇనుప జాలీ ప్యానెళ్లు వాడండి. పక్క కుక్క కనబడకుండా మధ్యలో రేకు వేయండి. కుక్క తప్పించుకోకుండా బయటి గేటుకు లోపల రెండో గేటు పెట్టండి. గదులు ఆరు చాలు.

బీమా విషయం క్లుప్తంగా. ముగ్గురికీ కలిపి 10 లక్షల ఆరోగ్య పాలసీ, మీకు టర్మ్ పాలసీ, చెయ్యి విరిగి పనికి వెళ్లలేని వారాలకు డబ్బిచ్చే వ్యక్తిగత ప్రమాద పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. కెన్నెల్ తెరిచే రోజుకు ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ బాధ్యత పాలసీ ఉండాలి. "ఏం జరిగినా మా బాధ్యత లేదు" అని సంతకం చేయించుకుంటే సరిపోతుందనుకోకండి. అప్పగించిన సొత్తును మామూలు జాగ్రత్తతో చూడాలన్నది 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్. కుక్క తప్పిపోతే యజమాని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లగలడు.

ఈ వారం చేయాల్సింది ఒకటే. అడ్వాన్స్ ఇచ్చిన నలుగురికీ ఫోన్ చేసి, కెన్నెల్ ఇప్పట్లో లేదని చెప్పండి. అదే 45 రోజులు వాళ్లింటికే వెళ్లి నేర్పితే మీ రేటు ప్రకారం 13,500 అవుతుంది. ఒప్పుకుంటే మిగతా 16,500, లేదంటే మొత్తం 30,000 ఖాతాకు పంపి, వాట్సాప్‌లో రసీదు తీసుకోండి.